లెదర్ సీటు అరుగుతోందా? క్రీమా, కవరా, రంగా, కొత్త తోలా: ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

డ్రైవర్ సీటుకు డోర్ వైపు ఉబ్బెత్తుగా ఒక అంచు ఉంటుంది చూడండి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొడ రాసుకునే చోటు. లెదర్ సీటు పాడవడం దాదాపు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. నా కారు కొని రెండేళ్ళు తిరక్కుండానే అక్కడ అరచెయ్యంత మేర రంగు పలచబడిపోయి, వేలితో తడిమితే గరుగ్గా తగిలే సన్నటి గీతలు పడ్డాయి. మిగతా సీట్లన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. ఎవర్ని అడిగినా ఒకటే మాట: "లెదర్ ఎండిపోయింది, కండిషనర్ పట్టించు." తోలును మెత్తబరిచే ఆ క్రీమును ఆరు నెలలు క్రమం తప్పకుండా పట్టించాను. ఒక్క గీత కూడా తగ్గలేదు, మచ్చ ఇంకాస్త పెద్దదైంది. ఎందుకలా అయిందో తెలిశాక ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు అనే టెన్షన్ చాలావరకు పోయింది, అందుకే ముందు అదే చెబుతాను.

కారు సీటు తోలు చెప్పుల తోలులాంటిది కాదు. ఎక్కువ కార్లలో వచ్చేది పూత వేసిన తోలు. అడుగున 1 మిల్లీమీటరుకు అటూ ఇటూగా మందమున్న తోలు, దాని మీద రంగు పొర, ఆ రంగును కాపాడటానికి పైన పాలీయురేథేన్ పూత. రంగూ పూతా కలిపినా మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండవు. మనం ముట్టుకునేది, కూర్చునేది, రుద్దేది అంతా ఈ పలచని పూతనే. అంచు దగ్గర రంగు పోయిందంటే పోయింది ఆ పూత. సున్నం రాలిన గోడకు నూనె పూస్తే సున్నం తిరిగి రాదు, ఇదీ అంతే. పైగా పూత బాగున్న చోట క్రీము లోపలికి పెద్దగా ఇంకదు కూడా, పైపైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది.

కాబట్టి ఏ డబ్బా కొనాలో తర్వాత చూద్దాం, ముందు మీ సీటుది ఏ రకమో తెలుసుకోండి. ఎక్కడైనా కనబడని చోట ఒక్క చుక్క నీళ్ళు వేసి రెండు నిమిషాలు ఆగండి. చుక్క ముత్యంలా నిలబడితే పూత ఉన్న తోలు, లేదా రెక్సిన్. నీళ్ళు ఇంకి ఆ చోటు నల్లబడితే పూత లేని అనిలిన్ రకం, లేదా పూత పూర్తిగా అరిగిపోయిన చోటు. పూత లేని రకం ఖరీదైన కార్లలో మాత్రమే, అదీ అరుదుగా వస్తుంది. చెయ్యి పెడితే మెత్తగా వెచ్చగా హాయిగా ఉంటుంది కానీ చెమట, నూనె, నీళ్ళు ఏది పడినా పీల్చేసుకుంటుంది. కండిషనర్ నిజంగా పనిచేసేది దీని మీదే. మధ్యలో సెమీ అనిలిన్ అని ఇంకొకటి ఉంది, పలచని పూత ఉంటుంది, దాన్ని పూత ఉన్న తోలులాగే చూసుకోవాలి, కాకపోతే రుద్దేటప్పుడు చెయ్యి ఇంకా తేలిగ్గా ఆడించాలి.

రెక్సిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే "లెదర్ సీట్లు" అని అమ్మే చాలా కార్లలో మనం కూర్చునే భాగం, వీపు ఆనే భాగం మాత్రమే తోలు. పక్కలు, వెనక భాగం, ఒక్కోసారి తల ఆనించే దిండు కూడా రెక్సినే. కొన్నింటిలో అయితే మొత్తం అదే. సీటు కింద కవర్ అంచు మడిచి బిగించిన చోట వేలు పెట్టి వెనకవైపు చూడండి, పీచుపీచుగా స్వెడ్‌లా ఉంటే తోలు, అల్లిన గుడ్డలా ఉంటే కాదు. పైపొర పలచని ప్లాస్టిక్ కాగితంలా పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద గుడ్డ కనిపిస్తోందంటే అది పాలీయురేథేన్ రెక్సినో, తోలు పొడిని అంటించి చేసిన బాండెడ్ లెదరో అయి ఉంటుంది. గాలిలోని తేమకూ వేడికీ ఆ పొరే లోపల్నుంచి విరిగిపోతుంది. దాన్ని క్రీముతో, రంగుతో బాగుచేస్తామని ఎవరు చెప్పినా నమ్మకండి, ఊడిన ముక్క పక్కనే ఇంకో ముక్క ఊడుతుంది. అక్కడ మిగిలేవి రెండే దారులు, కవర్ తొడగడం లేదా మళ్ళీ కుట్టించడం.

మురికా, అరుగుదలా?

ఇది తేల్చుకోకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎక్కువ లెదర్ సీట్లు మసగ్గా, మెరుపు లేకుండా ఉంటాయి. వాడగా వాడగా నున్నగా మెరుస్తున్నాయంటే చాలావరకు అది ఒంటి జిడ్డూ మురికీ కలిసి పేరుకున్న పొర. చాలామంది ఆ మెరుపును చూసి సీటు బాగుందనుకుంటారు, దాని కిందే పూత నెమ్మదిగా దెబ్బతింటూ ఉంటుంది. జిడ్డుకు అంటుకున్న దుమ్ము ఉప్పు కాగితంలా పనిచేస్తుంది, ప్రతిసారీ ఎక్కిదిగేటప్పుడు అది పూతను కొంచెం కొంచెం గీకుతుంది.

నేను చేసి చూసిన పద్ధతి ఇది. ముందు వాక్యూమ్‌తో కుట్ల సందుల్లోని ఇసుకంతా తీసేశాను, ఈ పని చెయ్యకుండా గుడ్డతో తుడిస్తే ఆ ఇసుకతోనే సీటును రుద్దినట్టవుతుంది. తర్వాత లెదర్ క్లీనర్‌ను సీటు మీద కాకుండా మెత్తటి బ్రష్ మీద కొట్టుకుని, రెండు అరచేతులంత మేర మాత్రమే, నొక్కకుండా గుండ్రంగా తిప్పాను. తెల్లటి నురగ కాసేపటికి పాలు తక్కువైన టీ రంగుకు మారింది. తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీస్తే గుడ్డ మీద గోధుమ రంగు మరక, దాని పక్కనే జీన్స్ నుంచి అంటుకున్న నీలం. మూడోసారి తుడిచాక గుడ్డ తెల్లగానే వచ్చింది. నేను "గీతలు" అనుకున్నవాటిలో దాదాపు సగం ముడతల్లో ఇరుక్కున్న మురికి, అవి పోయాయి. మిగిలినవి నిజమైన పగుళ్ళు. ఆరు నెలలు నేను రాసిన కండిషనర్ ఆ మురికి మీదే కూర్చుందన్నమాట.

ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోండి. ముడతలు పడటం తోలుకు సహజం, మోచెయ్యి మడిస్తే చర్మం ముడత పడ్డట్టే. మడతలో రంగు చెక్కుచెదరకుండా ఉంటే దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. మడతలో రంగు చిట్లి లేత గీత కనిపిస్తేనే పగులు.

శుభ్రం చెయ్యడానికి ఏది?

ఇక్కడ నా మాట సూటిగా చెబుతాను: లెదర్ కోసమే చేసిన క్లీనర్ ఒక్కటి చాలు, మిగతావన్నీ ఏదో రకంగా రాజీనే. తోలు స్వభావం కొంచెం ఆమ్లం వైపు, పీహెచ్ దాదాపు 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. ఒకసారి సబ్బునీళ్ళతో తుడిస్తే కొంప మునగదు, అదే అలవాటైతే పూతకూ, పూత చిట్లిన చోట తోలుకూ మంచిది కాదు. వెట్ వైప్స్ అప్పటికప్పుడు ఒలికినదాన్ని తుడవడానికి పనికొస్తాయి, వారం వారం వాడటానికి కాదు. గోడల మీద మరకలు పోగొట్టే తెల్లటి స్పాంజి, అదే మెలమైన్ ఫోమ్, లెదర్ మీద అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది, మరక క్షణంలో మాయమవుతుంది. కానీ అది చేసేది చాలా సన్నటి ఉప్పు కాగితం చేసే పనే, మరకతో పాటు పూతనూ తీసుకుపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ లాంటివి అసలు కారు దరిదాపుల్లోకి రానివ్వకండి, ఒక్క తుడుపుతో రంగు కరిగి గుడ్డకు అంటుకుంటుంది. హ్యాండ్ శానిటైజర్ కూడా ఆ కోవలోదే. చేతికి రాసుకుని అది ఆరకముందే సీటు అంచు పట్టుకుని ఎక్కితే ఆ ఆల్కహాల్ పూతను మెత్తబరుస్తుంది. సన్‌స్క్రీన్ జిడ్డు కూడా లేత రంగు సీట్లను బాగా ఇబ్బంది పెడుతుంది.

ఎన్నాళ్ళకోసారి? రోజూ నడిపే కారైతే డ్రైవర్ సీటును నెలకోసారి తేలిగ్గా, మిగతావి మూడు నాలుగు నెలలకోసారి. అన్ని సీట్లనూ సమానంగా రుద్దాలన్న రూలేమీ లేదు. వెనక సీటును ఎవరూ వాడకపోతే దుమ్ము దులిపి వదిలెయ్యండి.

కాపాడటానికి: కండిషనర్, ప్రొటెక్టెంట్, సిరామిక్ కోటింగ్, కవర్

కండిషనర్ గురించి ఇప్పటికే చెప్పాను. అనిలిన్ తోలుకు అవసరం, పూత ఉన్న తోలుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు పలచగా రాసి తుడిచేస్తే నష్టం లేదు, లాభం కూడా పెద్దగా ఉండదు. ఇంట్లో ఉన్న నూనెలు మాత్రం వద్దు, కొబ్బరి నూనైనా ఆలివ్ నూనైనా. రాసిన రోజు సీటు నిగనిగలాడుతుంది. తర్వాత ఆ నూనె పగుళ్ళలోంచి దిగి పూతకూ తోలుకూ మధ్య పట్టు సడలేలా చేస్తుంది, వేడికి వాసన పడుతుంది, బట్టలకు అంటుతుంది. సిలికాన్ ఉన్న మెరుపు స్ప్రేలు ఇంకో రకం చిక్కు తెస్తాయి. కారు కడిగించిన ఒక చోట నన్ను అడగకుండానే సీట్లకు అలాంటిదేదో కొట్టేశారు. ఏడాది తర్వాత అంచుకు రంగు వేయిస్తుంటే ఆ రంగు చేపకళ్ళలాంటి గుండ్రటి గుంటలుగా విడిపోయింది, సిలికాన్ మీద రంగు పట్టదు కాబట్టి. మళ్ళీ అంతా తుడిచి మొదటినుంచీ చెయ్యాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు కడగడానికి ఇచ్చేటప్పుడు సీట్లకు ఏమీ పెట్టొద్దని ముందే చెబుతాను.

ప్రొటెక్టెంట్ అనేది వేరే వస్తువు. ఇది తోలును మెత్తబరచదు, పూత మీద ఇంకో పలచని పొరగా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది, జీన్స్ రంగు దిగకుండా చూస్తుంది. రోజూ వాడే కారుకు నా ఓటు దీనికే. కొన్ని నెలలకోసారి, శుభ్రం చేసిన వెంటనే, అంచు మీద రెండు పలచని పొరలు రాస్తే చాలు. లేత రంగు సీట్లున్నవాళ్ళు కారు కొన్న మొదటి వారంలోనే మొదలుపెట్టాలి, నీలం రంగు పూతలోకి దిగాక తియ్యడం చాలా కష్టం.

లెదర్ సిరామిక్ కోటింగ్ ఇదే పని ఇంకా ఎక్కువకాలం చేస్తుంది, కానీ ఖర్చు ఎక్కువ, పైగా సీటు అప్పటికే అరిగి ఉంటే ఆ అరుగుదలను అలాగే మూసేసి పైన పొర వేసినట్టవుతుంది. కొత్త కారు, లేత రంగు, చాలా ఏళ్ళు ఉంచుకుంటాననే నమ్మకం, ఈ మూడూ ఉంటే ఆలోచించండి. ఒకవేళ చేయించినా శుభ్రం చేసే పని తప్పదు, ఆ మాట అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పరు.

ఇక కవర్లు. పిల్లలు, కుక్క, పని బట్టలతో ఎక్కిదిగే అలవాటు ఉన్నవాళ్ళకు కవరే సరైన మందు. కానీ రెండు విషయాలు చూడాలి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి వీలుగా, ఆ వైపు కుట్టు తెగేలా చేసిన కవరే తొడగాలి. మామూలు కవర్ బిగించి కట్టేస్తే ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్‌కు అడ్డుపడుతుంది, ఇందులో రాజీ లేదు. రెండోది, సీటులోంచి చల్లగాలి వచ్చే రకమైతే కవర్ ఆ రంధ్రాలను మూసేస్తుంది. ఇవి కాక కవర్ కింద ఇసుక చేరితే అది లోపల్లోపలే రాపిడి పెడుతుంది, కాబట్టి రెండు మూడు నెలలకోసారైనా తీసి దులపాలి. చైల్డ్ సీటు పెట్టేవాళ్ళయితే దాని కింద వేసే మ్యాట్ ఒకటి తీసుకోండి, మరీ మందంగా ఉండకూడదు, చైల్డ్ సీటు తయారీదారు ఒప్పుకున్నదై ఉండాలి.

వీటన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది మాత్రం ఖర్చు లేని పని. నేను కారు దిగేటప్పుడు ఇంకొకరితో వీడియో తీయించి చూసుకున్నాను. ఎడమ కాలు ఇంకా లోపల ఉండగానే ఒంటి బరువంతా ఆ అంచు మీద వేసి, దాని మీదుగా ఒరుసుకుంటూ జారుతున్నాను. జీన్స్ వెనక జేబు దగ్గర ఉండే ఇత్తడి రివెట్ సరిగ్గా ఆ అరచెయ్యంత మచ్చ మీదే గీస్తోంది. అప్పట్నుంచి దిగేముందు సీటు కొంచెం వెనక్కి జరిపి, రెండు కాళ్ళూ బయట పెట్టి, అప్పుడు లేస్తున్నాను. మచ్చ పెరగడం ఆగింది. ఎండ సంగతి కూడా మర్చిపోకూడదు, ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి తోలు బిగుసుకుపోతుంది, అతినీలలోహిత కిరణాలకు రంగు వెలుస్తుంది. నీడ దొరక్కపోతే ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టండి.

పాడైపోయాక: ఏ మరమ్మత్తు?

ముందు వారంటీ. కారు ఇంకా వారంటీలో ఉంటే రంగూ క్రీమూ ఏదీ ముట్టుకోకండి. శుభ్రం చేసి, పగటి వెలుతురులో తేదీ పడేలా ఫోటోలు తీసి, కిలోమీటర్ల మీటర్‌నూ ఫోటో తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. రాపిడిని మామూలు అరుగుదల కింద కొట్టేయడం వాళ్ళకు సులువు. కానీ రాపిడే లేని చోట, అంటే వీపు భాగం మధ్యలోనో ఎవరూ కూర్చోని సీటులోనో, పూత చిట్లినా, కుట్టు విడిపోయినా, తక్కువ కిలోమీటర్లకే అంచు లోపలి ఫోమ్ కుంగిపోయినా అది తయారీ లోపమని గట్టిగా వాదించొచ్చు. మీరు ముందే రంగు వేసేస్తే ఆ వాదన మీ చేతిలోంచి పోతుంది.

ఫోమ్ మాట వచ్చింది కాబట్టి: అంచును చేత్తో నొక్కి వదలండి, రెండో వైపు అంచుతో పోల్చండి. మెత్తగా కుంగి, తోలు వదులుగా ముడత పడుతుంటే పైన ఎంత బాగా రంగు వేసినా ఆ ముడతలో మళ్ళీ పగులుతుంది. ముందు ఫోమ్ సరిచేయించాలి. ఈ ఒక్క తప్పు వల్లే చాలా రంగు పనులు కొన్ని నెలలకే పాడవుతాయి.

రంగు మాత్రమే పలచబడి, వేలికి నున్నగా తగులుతుంటే రంగు బామ్ ఒక దారి. గుడ్డతో రాసి, ఆరాక తుడిచేయడమే, పని తేలిక. అయితే అది నిలిచే పూత కాదు, కొన్నాళ్ళకు పోతుంది, సరిగ్గా తుడవకపోతే లేత బట్టలకు అంటుతుంది. కారు అమ్మేలోపు కాస్త చూడటానికి బాగుండాలంటే సరిపోతుంది. ఉంచుకునే కారుకైతే నేను దీన్ని ఎంచుకోను, ఎందుకంటే దీనిలోని మైనం తర్వాత వేసే అసలు రంగుకు అడ్డొస్తుంది.

సరైన మరమ్మత్తు అంటే పిగ్మెంట్ రంగు, దాని మీద పైపూత. ఇంట్లో చేసుకోవచ్చు, ఓపిక కావాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు పూర్తిగా తీసి (శానిటైజర్‌లో పూతను పాడుచేసే ఆల్కహాల్ లాంటిదే ఇక్కడ పనికొస్తుంది), 600 నుంచి 1000 నంబరు ఉప్పు కాగితంతో గరుకు తగ్గేదాకా చాలా తేలిగ్గా రుద్ది, పగుళ్ళుంటే లెదర్ ఫిల్లర్‌ను పలచగా పొరలు పొరలుగా నింపి ఆరనిచ్చి మళ్ళీ రుద్ది, అప్పుడు స్పాంజితో రంగు. మొదటి పొర చూసి గుండె జారిపోతుంది, అంత మచ్చలుగా ఉంటుంది, అది మామూలే. ఒక్కో పొరా ఆరాక ఇంకోటి, నాలుగైదు పలచని పొరలు ఒక మందపు పొర కన్నా ఎంతో మేలు. చివర్న మసగ్గా ఉండే పైపూత వెయ్యకపోతే చేసినదంతా నెల తిరక్కుండా బట్టలకు అంటుకుపోతుంది. కనీసం ఒక రోజు కూర్చోకూడదు, వారం రోజులు తడిపి తుడవకూడదు. రంగు కలవడం అన్నిటికన్నా కష్టం, కారు లోపలి రంగు కోడ్ చెప్పి తెప్పించుకున్నా సీటు వెలిసి ఉంటే తేడా కనిపిస్తుంది, కాబట్టి మచ్చ ఒక్కటే కాకుండా కుట్టు నుంచి కుట్టు దాకా ఆ ముక్కంతా వెయ్యండి. చిల్లుల తోలు మీద ఫిల్లర్ వాడొద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

పగులు లోతుగా తెగి పీచు బయటపడితే, లేదా కుట్టు పక్కన చిరిగితే ఫిల్లర్ నిలబడదు. అక్కడ సీట్లు కుట్టేవాళ్ళతో ఆ ఒక్క ముక్క మార్పించడం ఉత్తమం. సీటు మొత్తం మళ్ళీ కుట్టించాలని చాలామంది తొందరపడతారు, అవసరం ఉండదు, అరిగేది ఎక్కువగా ఒకటి రెండు ముక్కలే. ఎయిర్‌బ్యాగ్ ఉన్న పక్క ముక్క అయితే ఆ కుట్టు మామూలు దారంతో వెయ్యకూడదు, తెగడానికి వీలుగా ప్రత్యేకమైన దారం, ప్రత్యేకమైన కుట్టు ఉంటాయి. ఈ సంగతి మీరు అడక్కముందే చెప్పినవాళ్ళకు పని ఇవ్వండి. సీటు ఊడదీయడం కూడా వాళ్ళకే వదిలెయ్యండి, కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి.

రెండు సీట్లూ పోయి, ఫోమూ కుంగి, సీటును వేడిచేసే హీటర్ కూడా పనిచెయ్యకపోతే అదే మోడల్ సెకండ్ హ్యాండ్ సీటు వెతకడం లాభసాటి కావచ్చు. కనెక్టర్లు, సెన్సర్లు మీ కారువాటితో సరిపోతాయో లేదో చూసుకోవాలి, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ పేలిన కారు సీటు మాత్రం తీసుకోకూడదు.

నా సీటు విషయంలో చివరికి చేసింది ఇది. ఫోమ్ గట్టిగానే ఉంది, పగుళ్ళు రంగూ పూతా దాటి తోలులోకి లోతుగా వెళ్ళలేదు. అందుకని ఆ అంచు ముక్క ఒక్కదానికే ఫిల్లర్, రంగు, పైపూత వేయించి, వారం తర్వాత నుంచి ప్రొటెక్టెంట్ మొదలుపెట్టాను. కండిషనర్ డబ్బా సగం మిగిలే ఉంది, దాన్ని తోలు బ్యాగుకు వాడుతున్నాను. నెలకోసారి తెల్ల గుడ్డతో ఆ అంచును తుడిచి గుడ్డ మీద రంగు దిగిందేమో చూస్తాను. నీలం కనిపిస్తే జీన్స్‌ది, ఆ రోజే క్లీనర్‌తో తీసేస్తాను. సీటు రంగే కనిపిస్తే మాత్రం పైపూత పలచబడుతోందని అర్థం, అప్పుడు ఇంకో పొర పైపూత వేయిస్తే సరిపోతుంది, మళ్ళీ రంగు దాకా వెళ్ళక్కర్లేదు.